పొగ చూసి చెప్పిన రోజులు

పొగ ఏ రంగులో వస్తోందని మేస్త్రీ ముందు అడిగేవాడు కాదు. "ఎప్పుడొస్తోంది?" అనేవాడు. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడా, మిట్ట ఎక్కేటప్పుడా, పల్లంలో యాక్సిలరేటర్ వదిలి మళ్ళీ తొక్కినప్పుడా, లోడు మీదా, ఖాళీగా ఉన్నప్పుడా? డ్రైవరు నీళ్ళు నమిలితే బండి ముట్టుకునేవాడు కాదు. "రాత్రికి ఇక్కడే వదిలి వెళ్ళండి, పొద్దున చూద్దాం" అని పంపేసేవాడు. రాత్రంతా చల్లారిన ఇంజను మొదటిసారి తిరిగినప్పుడు ఏం వదులుతుందో తన కళ్ళతో చూస్తేగాని ఆయనకు తృప్తి ఉండేది కాదు.

విజయవాడ ఆటోనగర్‌లో అలాంటి మేస్త్రీలు సందుకొకరు ఉన్న కాలం అది. మా బాబాయికి ఒక పాత డీజిల్ పికప్ ఉండేది. వేసవిలో నూజివీడు తోటల నుంచి నున్న మార్కెట్‌కి మామిడికాయలు తోలేవాడు. మిగతా రోజుల్లో ఏ కిరాయి తగిలితే అది. ఏ కంపెనీ బండో చెప్పను, తప్పు కంపెనీది కాదు, బండి వయసుది. చిన్న లోడు బండ్లకు అప్పుడప్పుడే గిరాకీ పెరుగుతోంది. 1986లో టాటా 407, 1988లో టాటామొబైల్ వచ్చాయి. మన జహీరాబాద్‌లో తయారైన ఆల్విన్ నిస్సాన్ బండ్లూ రోడ్ల మీద తిరిగేవి. ఇంజనులో కంప్యూటరు అనే మాటే లేదు. లోపలి సంగతి తెలియాలంటే సైలెన్సరు వెనక నిలబడాల్సిందే.

నల్లపొగ గురించి పెద్దగా చర్చ ఉండేది కాదు. డీజిల్ ఎక్కువైంది, లేదా గాలి తక్కువైంది. ఎయిర్ క్లీనరు దుమ్ముతో మూసుకుపోయి ఉంటుంది, నాజిల్ కారుతూ ఉంటుంది, లేదా ఎవరో పంపు కెలికి ఉంటారు. పంపు స్క్రూకి సీసపు సీలు వేసి పంపించేవారు. లాగుడు కోసం ఆ సీలు తెంపి స్క్రూ తిప్పించుకునే డ్రైవర్లు బోలెడు మంది. వెనక నల్లగా కక్కితే బండికి బలం ఉన్నట్టని వాళ్ళ నమ్మకం. వెనక సైకిల్ మీద వచ్చేవాడి ముక్కు సంగతి ఎవరిక్కావాలి!

తెల్లపొగ రెండు రకాలు. కళ్ళు మండించి, పచ్చి డీజిల్ వాసన కొడితే అది కాలకుండా బయటికొచ్చిన డీజిల్. చలికి ఇంజను వేడెక్కకపోయినా, టైమింగ్ వెనకబడినా, కంప్రెషన్ తగ్గినా అలాగే వస్తుంది. ఆవిరిలా లేచి గాలిలో ఇట్టే మాయమైతే మాత్రం మేస్త్రీ మొహం మారేది. రేడియేటర్ మూత తీయించి, బండి స్టార్ట్ చేయించి, నీళ్ళలో బుడగలు వస్తున్నాయేమో చూసేవాడు. వస్తే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే, హెడ్ దించాల్సిందే.

నీలిపొగ దగ్గర ఓనర్లకు గుండె జారేది. ఇంజను ఆయిల్ తాగుతోందన్నమాట. అయితే ఎక్కడ తాగుతోంది? పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పున వదిలి, తరవాత సర్దుకుంటే వాల్వు సీళ్ళు. రాత్రంతా ఆయిల్ గైడ్ల గుండా కిందికి జారి ఉంటుంది. లోడు మీద, ఎత్తు మీద ఆగకుండా వస్తే రింగులు. రింగుల సంగతి తేల్చడానికి ఆయన ఇంజను విప్పేవాడు కాదు. బండి నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి, తిరగేసి, ఊరికే ఆ కన్నం మీద పెట్టేవాడు. మూత కొద్దిగా అదిరి ఊరుకుంటే ఫరవాలేదు. ఎగిరెగిరి పక్కకు పడిందంటే మంట గాలి రింగులు దాటి కిందికి దిగుతోంది. ఇక లైనర్లు, పిస్టన్లు, లేత్ షెడ్డు, అప్పు.

ఒక మామిడి సీజను మధ్యలో బాబాయి బండి ఉన్నట్టుండి నీలిపొగ పట్టుకుంది. వెనక వచ్చే బస్సు కనపడనంత పొగ. దారిలో చూసిన ప్రతివాడూ హాఫ్ ఇంజను పనే అన్నాడు. బాబాయి డబ్బు పుట్టించే ప్రయత్నంలో కూడా పడ్డాడు. మేస్త్రీ తన ప్రశ్న వేశాడు. ఎప్పుడైనా వస్తోంది, ఎత్తయినా పల్లమైనా ఒకటే, దారిలో సర్వీసు చేయించిన దగ్గర్నుంచీ వస్తోంది. మూత తిరగేసి పెడితే కదల్లేదు. ఆయన ఇంజను వదిలేసి ఎయిర్ క్లీనరు కిందున్న గిన్నె ఊడదీశాడు.

ఆ గిన్నె ఇప్పటి కుర్రాళ్ళు చూసి ఉండరు. అడుగున ఆయిల్, పైన తీగ పీచు. లోపలికొచ్చిన గాలి ఆయిల్ దాకా దిగి, అక్కడ మలుపు తిరిగి, దుమ్మును వదిలేసి పైకి పోతుంది. ఆయిల్ ఎంత పోయాలో గిన్నెలోనే గీత ఉంటుంది. అది గీతకు రెండు వేళ్ళ పైదాకా ఉంది. క్లీనర్ కుర్రాడు ఎక్కువ పోస్తే మంచిదనుకున్నాడట! ఇంజను ఆ ఆయిల్‌నే పీల్చి కాలుస్తోంది. మేస్త్రీ గిన్నె వంపి, డీజిల్‌తో కడిగి, గీత దాకా పోశాడు. లోపల మిగిలిన తడి కాలేదాకా కాసేపు వచ్చి పొగ ఆగిపోయింది. బాబాయి అదృష్టవంతుడు కూడా. డీజిల్ ఇంజను అలా ఆయిల్ మరిగితే ఒక్కోసారి డీజిల్ కట్ చేసినా ఆగదు, గాలి దారిలో గోనెపట్టా కుక్కి ఊపిరాడకుండా చేయాలి.

ఒక్క సిలిండరే తేడాగా ఉంటే దానికీ పద్ధతి ఉండేది. ఇంజను ఐడిల్‌లో ఉండగా నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేసేవాడు. ఏది వదిలితే శబ్దం మారకుండా ఉంటుందో ఆ సిలిండరే దొంగ. ఆ నాజిల్ పంపు రూముకి పోయేది. ఆ గదిలోకి చెప్పులు తీసి వెళ్ళాలి, దుమ్ము పడకూడదు. అక్కడాయన నాజిల్‌ను టెస్టర్‌కి బిగించి చేత్తో పిడి నొక్కితే డీజిల్ పొగమంచులా చిమ్మాలి, చివర బొట్టు వేలాడకూడదు. పంపుల మీద మైకో అనే పేరుండేది. కంపెనీ పేరు 2008లో బాష్ అయింది, గోడల మీద రాతలు మాత్రం చాలాకాలం చెరగలేదు.

2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 బండ్లు. మసిని సైలెన్సరు దారిలో ఉన్న ఫిల్టరే పట్టేస్తుంది, తేడా వస్తే డాష్‌బోర్డులో దీపం వెలుగుతుంది, స్కానరు తగిలిస్తే నంబరు చెబుతుంది. నట్టు వదిలి చూసే పని ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. ఈ పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్ కూడా దాటుతుంది, ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పాత డీజిల్ బండికి పొల్యూషన్ పరీక్షలో 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు హద్దు. ఆ మీటరు పొగ ఎంతో చెబుతుంది, ఎందుకో చెప్పదు. అయినా ఆ పొగ మళ్ళీ రావాలని నేననను. పాతికేళ్ళు దాని వెనక నిలబడిన మేస్త్రీ దగ్గు విన్నవాళ్ళెవరూ అనరు.

పంపు రూములు పూర్తిగా మూతపడలేదు. 50 హార్స్‌పవర్ లోపు ట్రాక్టర్లలో ఇప్పటికీ ఎక్కువగా మెకానికల్ పంపులే. దుక్కుల రోజుల్లో వెళితే, నాజిల్ గుడ్డలో చుట్టుకుని వచ్చిన రైతుల తరవాతే మన వంతు.