గంటా ఇరవై నిమిషాలు

ముందే చెప్తున్నా, నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఎడిటర్ అక్క దిద్దగా మిగిలిన తప్పులన్నీ నావే.

మాది వేములపల్లి, మిర్యాలగూడ పక్కన. సాగర్ ఎడమ కాలువ కింద ఊరు. కాలువలో నీళ్లుంటే వరి, వరి ఉంటే మా నాయినకు పని. ఆయనకు ఒక చైను మిషన్ ఉంది, అంటే టైరు మిషన్ దిగబడే బురద పొలంలో కూడా నడిచే వరికోత మిషన్. బ్యాంకు లోన్ మీద తీసుకున్నాడు. పోయిన యాసంగిలో గంటకు 3000 తీసుకున్నాడు. చాలామంది వడ్ల పైసలు పడ్డాకనే ఇస్తారు. అప్పటిదాకా లెక్కంతా ఒక పొడుగు నోట్‌బుక్‌లో ఉంటుంది. సెకండ్ ఇయర్‌లో మినీ ప్రాజెక్ట్ అనగానే నాకు ఆ నోట్‌బుక్ గుర్తొచ్చింది. దాన్ని ఫోన్‌లోకి తెస్తా అని ఇంట్లో గొప్పగా చెప్పేశాను.

ఏ వీడియో చూసి మొదలుపెట్టాలన్నదే మొదటి తలనొప్పి. పాత వీడియోలన్నీ క్రియేట్ రియాక్ట్ యాప్ అంటాయి. కొత్త ప్రాజెక్టులకు దాన్ని వాడొద్దని రియాక్ట్ వాళ్ళే 2025 ఫిబ్రవరిలో చెప్పారు. అందుకని వీట్ తీసుకున్నా. టెర్మినల్‌లో ఒక్క లైన్ కొడితే ఇండెక్స్ ఫైల్, ప్యాకేజ్ డాట్ జేసన్, సోర్స్ ఫోల్డర్ అన్నీ వచ్చి కూర్చున్నాయి. ఆ సోర్స్ ఫోల్డర్‌లో నేను ఇంకో పదకొండు ఫోల్డర్లు పెట్టాను. కాంపొనెంట్స్, పేజెస్, హుక్స్, యుటిల్స్, సర్వీసెస్... సగం ఖాళీవే. కానీ చూడటానికి పెద్ద కంపెనీ ప్రాజెక్ట్ లెక్క ఉంది, స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ కూడా పెట్టుకున్నా.

(మధ్యలో ఒక మాట. ప్రాజెక్ట్‌ని పెన్‌డ్రైవ్‌లో ఫ్రెండ్‌కి ఇవ్వబోతే గంటసేపు కాపీ అవుతూనే ఉంది. నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌తో సహా ఎక్కించాను మరి. అందులో వేల చిన్న చిన్న ఫైళ్లు. ప్యాకేజ్ డాట్ జేసన్ ఉంటే చాలు, వాడి దగ్గర ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొడితే అవన్నీ మళ్ళీ దిగుతాయి. నేను చేసింది కిలో బియ్యం కోసం మిర్యాలగూడ మిల్లునే ఇంటికి మోసుకొచ్చినట్టు.)

యాప్ తయారయ్యింది. ఇంట్లో నాయినకు చూపించా. "గంటా ఇరవై నిమిషాలు ఎయ్యి" అన్నాడు. నేను 1.20 అని కొట్టా. 3600 వచ్చింది. ఆయన స్క్రీన్ వైపు కూడా సరిగ్గా చూడలేదు.

"నిమిషానికి యాభై. ఎనభై యాభైలు ఎంతరా?"

నాలుగు వేలు. నా యాప్‌కి 1.20 అంటే ఒకటిన్నర కంటే తక్కువైన ఒక దశాంశం, అంతే. గంటకు అరవై నిమిషాలని దానికి నేను చెప్పలేదు. సిగ్గేసింది కానీ ఆ రాత్రే ఎంట్రీ పేజీలో సరిచేశా. 4000 వచ్చింది. అయిపోయిందనుకున్నా.

వారం తర్వాత ఒక పొలం దగ్గర, కోత అయ్యాక, ఫోన్‌లో 4000 చూసి నాయిన ఆ మాటే చెప్పాడు. నేను పక్కనుంచి బిల్లు వాట్సాప్‌లో పంపా. ఆ రైతు చదువుకొని, "ఏందన్నా, నువ్వు నాలుగు వేలంటున్నవ్, మీ పిల్లగాడి మెసేజ్‌ల మూడువేల ఆరొందలుంది?" అన్నాడు. కట్ట మీద ఇంకో నలుగురున్నారు. వాళ్ళలో ఇద్దరి పొలాలు మరుసటి రోజు కోయాలి. నాయిన ఒక్క క్షణం ఆగి, "మెసేజ్‌ల ఎంతుంటే అంతే ఇయ్యి తమ్మీ" అన్నాడు. దారి పొడుగునా నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చి కోడ్‌లో వెతికితే అదే గుణకారం మూడు చోట్ల ఉంది. ఎంట్రీ పేజీకి ఒకటి, బాకీల పేజీకి ఒకటి, మెసేజ్ తయారుచేసే ఫైల్‌లో ఒకటి. మూడూ వేర్వేరు ఫోల్డర్లలో. ఒకటి దిద్ది, మిగతా రెండు ఉన్నాయనే మర్చిపోయా. అన్ని ఫోల్డర్లు ఎందుకు పెట్టానని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు, వీడియోలో ఉన్నాయి కాబట్టి పెట్టా.

అప్పుడు నోట్‌బుక్ తీసి మొదటిసారి సరిగ్గా చూశా. ఒక్కో రైతుకు ఒక్కో పేజీ. తేదీ, టైము, ఆ రోజు రేటు, ఇచ్చింది, బాకీ, అన్నీ అక్కడే. మా ఊర్లో ఒకే పేరుతో ముగ్గురుంటారు కాబట్టి పేరు పక్కన పొలం గుర్తు. ఎవరైనా వచ్చి అడిగితే ఒక్క పేజీ తిప్పితే చాలు.

పదకొండు ఫోల్డర్లు తీసేసి మూడే ఉంచా: రైతులు, కోతలు, బాకీలు. ఇంగ్లీష్ అక్షరాలతోనే టైప్ చేశా కానీ మాటలు మనవే. మా బ్యాచ్‌లో నవ్వారు, నవ్వనీ. ఒక పనికి కావాల్సిన పేజీ, బటన్, స్టైల్ అన్నీ ఆ పని ఫోల్డర్‌లోనే. గుణకారం మాత్రం బయట "లెక్క" అనే ఒక్క ఫైల్‌లో ఉంటుంది, మూడూ దాన్నే అడగాలి. టైముకి రెండు డబ్బాలు పెట్టా, గంటలకొకటి, నిమిషాలకొకటి. లోపల దాచేది మొత్తం నిమిషాలే: 80. ప్రతి కోతతో పాటు ఆ రోజు రేటు కూడా దాస్తున్నా. లేకపోతే వచ్చే సీజన్‌లో రేటు మారిస్తే పాత బిల్లులన్నీ మారిపోతాయి.

ఇప్పుడు నాయిన పొలం నుంచి ఫోన్ చేసి టైము చెప్తాడు, నేను హాస్టల్ నుంచి ఎక్కిస్తా. నోట్‌బుక్ మాత్రం మానలేదు. మొన్న దసరాకి ఇంటికి పోయినప్పుడు దాంట్లో చివరి పేజీ చూశా. పైన నా పేరు. కింద ఒకటే లైను: బాకీ 400. ఇంకా కొట్టెయ్యలేదు.