గాలి లెక్కలు

ఏం చేస్తుంటావని అడిగితే "గాలి లెక్కలు వేస్తుంటాను" అంటాను. నవ్వుతారు. గాలి కబుర్లు, గాలి మేడలు, గాలి తిరుగుళ్ళు... తెలుగులో పనికిమాలినవన్నీ గాలి ఖాతాలోనే కదా. నేనుండేది డెన్మార్క్‌లో. సముద్రంలో నిలబెట్టిన గాలిమరల వెనక ఏం జరుగుతుందో కంప్యూటర్‌లో చూడ్డం నా ఉద్యోగం.

మా రంగంలో అందరికీ తెలిసిన ఫొటో ఒకటుంది. 2008 ఫిబ్రవరి 12న, హార్న్స్ రెవ్ దగ్గర తీసింది. అక్కడ 80 మరలు. ఆ రోజు గాలిలో తేమ సరిగ్గా కుదిరి, మరల వెనక పొగమంచు తోకల్లా సాగింది. ముందు వరస గాలిలో సత్తువంతా లాక్కుని, వెనక వరసకి ఎంగిలి గాలి వదుల్తోంది. పుస్తకాల్లో దీన్ని 'వేక్' అంటారు. నాకు ఎంగిలే బావుంది.

ఈ ఎంగిలి ఎంత దూరం పోతుందన్నదే అసలు గొడవ. 1983లో ఎన్.ఓ. జెన్సెన్ ఇచ్చిన మోడల్ చాలా చిన్నది: మర వెనక నీడ వెడల్పవుతూ, పలచబడుతూ పోతుంది. చిటికెలో జవాబొస్తుంది. కానీ చల్లటి నీళ్ళ మీదకి వెచ్చటి గాలి వచ్చిన రోజున గాలి పొరలు సరిగా కలవవు, పైనున్న జోరు కిందికి దిగదు. 2016-17లో జర్మనీ తీరాన విమానంలో తిరిగి కొలిస్తే, అలాంటి రోజుల్లో ఎంగిలి 50 కిలోమీటర్లు దాటింది. వేగం 10 శాతం తగ్గితే గాలిలో శక్తి 27 శాతం పోతుంది మరి. 2019లో ఓర్‌స్టెడ్ లాంటి పెద్ద కంపెనీయే ఈ నష్టాన్ని తక్కువగా అంచనా వేశామని బయటికి చెప్పింది.

పోయిన చలికాలం, ఒక కొత్త ప్రాజెక్టుకి సుడుల్ని నేరుగా లెక్కగట్టే మోడల్ నడిపాను. రోజులకి రోజులు సూపర్ కంప్యూటర్‌ని తినేసి, పాత మోడల్ కన్నా తక్కువ కరెంటు చూపించింది. పాత మోడల్‌లో నీడ ఎంత త్వరగా విచ్చుకోవాలో చెప్పే అంకె ఒకటుంటుంది. సముద్రం మీద 0.04 వాడ్డం ఆనవాయితీ. దాన్నే కాస్త సర్దేస్తే పోలా, ఇంత ఖర్చెందుకన్నాడు మీటింగులో ఒకాయన. ఈ తీరానికి సర్దిన అంకె పక్క తీరంలో ఎందుకు చెల్లాలి?

వాదించడం తేలికే. కానీ ఆ తక్కువ అంకె చూసి అప్పిచ్చేవాళ్ళు వెనక్కి తగ్గొచ్చు. బొగ్గు పోవాలని ఈ పనిలోకి వచ్చినదాన్ని, గాలిమరల్ని ఆపే కాగితం మీద సంతకం పెడుతున్నానా అని రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మరలు కట్టేశాక ఆ లోటు ఎలాగూ బయటపడుతుంది. అప్పుడు దెబ్బ పడేది ఈ ఒక్క ప్రాజెక్టు మీదే కాదు.

తక్కువ అంకెనే పంపాను. వరసల మధ్య దూరం పెంచి మళ్ళీ నడపమన్నారు. ఆ రన్ ఇంకా క్యూలోనే ఉంది.