అటకెక్కిన రిమోట్

వాడకుండా దాచిన వస్తువు పాడవదని మనవాళ్ల నమ్మకం. రుబ్బురోలు విషయంలో అది నిజమే. డ్రోన్ రిమోట్ విషయంలో మాత్రం కాదు.

పెళ్లి వీడియోలు తీసే కుర్రాణ్నే తీసుకోండి. ఆషాఢం వస్తే ముహూర్తాలుండవు. ఆఖరి పెళ్లిలో అడుగంటిన ఛార్జితోనే రిమోట్ అటకెక్కుతుంది. శ్రావణంలో డ్రోన్ బ్యాటరీలన్నీ నింపుకుని బయల్దేరతాడు. తీరా స్విచ్ నొక్కితే రిమోట్ వెలగదు. డ్రోన్‌కైతే ఇంకో బ్యాటరీ వేయొచ్చు. చాలా రిమోట్లలో అది లోపలే బిగించి ఉంటుంది. ఈలోగా ఊరేగింపు వీధి దాటిపోతుంది. మళ్లీ మొదలుపెట్టమని పెళ్లివారిని అడగలేడు కదా!

లిథియం అయాన్ బ్యాటరీ ఊరికే ఉన్నా కొద్దికొద్దిగా ఖాళీ అవుతుంది. పూర్తిగా అడుగంటి అలాగే ఉండిపోతే లోపలి రసాయనాలు దెబ్బతిని, మళ్లీ ఛార్జి ఎక్కకపోవచ్చు. అలాగని నూరు శాతం నింపి నెలల తరబడి దాచినా త్వరగా ముసలిదవుతుంది. 40 నుంచి 60 శాతం మధ్య ఉంచి, చల్లని చోట దాచాలి. నెలకోసారి తీసి చూడాలి. రేకుల కింది అటకా, ఎండలో నిలిపిన కారూ దానికి పనికిరావు. వేడి మీదున్నప్పుడు ఛార్జింగ్ పెట్టకూడదు. నిండుగా నింపాల్సింది పెళ్లి ముందురోజే.

కడుపు మాడ్చొద్దు, పొట్ట పగిలేలా తినొద్దు అంటారు పెద్దలు. ఆ మాట బ్యాటరీకీ వర్తిస్తుంది.