పాతిక పనిముట్లు ఎందుకు వదినా, మూడు చాలు!

వదినా, ఒక్క నిమిషం! ఆ టమాటా మొక్కలకి నీళ్ళు తర్వాత పెడుదురుగాని, ఇలా కంచె దగ్గరికి రండి. మీవాడు స్నేహితుడితో రారిటన్ నదికి వెళ్ళి, అక్కడ ట్రౌట్ చేపలు పట్టేవాళ్ళ ఫ్లైలు చూసొచ్చి, తనూ కట్టడం నేర్చుకుంటానంటున్నాడటగా? అన్నయ్యగారు చెప్పారు. ఎంత మంచి మాట! ఫోను పక్కన పడేసి ఒకచోట కూర్చుని చేతులతో ఏదైనా చేస్తానని ఈ వయసు పిల్లాడు తనంతట తను అడగడం మామూలు విషయమా?

కానీ వాడి పుట్టినరోజుకి పాతిక పనిముట్లున్న చవక కిట్టు ఆర్డరు పెడుతున్నామన్నారు చూడండీ, అది మాత్రం వద్దు వదినా.

డబ్బు సంగతి కాదు నేననేది. ఫ్లై అంటే ఏముంది, చిన్న హుక్కు మీద ఈకలూ బొచ్చూ దారంతో చుట్టి, చేపకి పురుగులా కనిపించేలా చెయ్యడమే కదా. అంత చిన్న వస్తువు మీద పనిచేసేటప్పుడు హుక్కు కదిలినా, దారం పుటుక్కున తెగినా, కత్తెర ఈకని తెంపకుండా నమిలినా, పిల్లాడు పనిముట్టుని అనుమానించడు. తన చేతుల్నే అనుమానిస్తాడు. "నాకు రాదులే అమ్మా" అని లేచిపోతాడు. నా బాధంతా దానికే. అందుకని ఆ డబ్బేదో మూడింటి మీదే పెట్టండి. వైసు, కత్తెర, బాబిన్ హోల్డరు. ఈ మూడూ బాగుంటే తక్కినవి ఇంట్లోనే సర్దుకోవచ్చు.

వైసు అంటే హుక్కుని కరిచి పట్టుకునేది. అసలు పెద్ద ఖర్చు అదొక్కటే. ఇల్లినాయ్ రాష్ట్రంలో ఎల్జిన్ ఊళ్ళో థాంప్సన్ అనే కంపెనీ మోడల్ ఏ అని ఒక వైసు చేసేది. మీట నొక్కితే దవడలు బిగిసే ఏర్పాటు. ఈ దేశంలో ఎంతోమంది దాని మీదే చెయ్యి తిప్పుకున్నారు. ఇప్పుడు చవక కిట్లలో వచ్చేవి చాలావరకు దాని నకళ్ళే. అందులో మన ఇండియాలో చేసినవీ బోలెడు. ఏర్పాటు మంచిదే, కానీ దవడల ఉక్కు మెత్తనిదైతే కొన్నాళ్ళకే హుక్కు ఒరుసుకుని గాడి పడుతుంది. ఇక ఆ తర్వాత ఏం పెట్టినా జారడమే.

కొనేముందు పరీక్ష చెయ్యడం తేలిక. 12వ నంబరు హుక్కు బిగించి, కన్ను ఉన్న కొస మీద బొటనవేలితో నొక్కాలి. హుక్కు స్ప్రింగులా కాస్త వంగి మళ్ళీ లేవాలి తప్ప దవడల్లో తిరగకూడదు. హుక్కులకి నంబరు పెరిగేకొద్దీ సైజు చిన్నదవుతుంది. 8 నుంచి 16 దాకా అన్నీ అలాగే పట్టుకుంటే ఆ వైసు వాడికి చాలా ఏళ్ళు సరిపోతుంది. చుట్టూ తిరిగే రోటరీ రకం బాగానే ఉంటుందిగాని మొదట్లో తప్పనిసరేం కాదు. ఇంకోటి, మీది గాజు డైనింగ్ టేబులు కదా. అంచుకి మర బిగించే సీ-క్లాంపు దానికి వద్దు. బరువైన ఇనుప పీట మీద నిలబడే రకం తీసుకోండి.

అన్నట్టు, లీ వుల్ఫ్ అనే మహానుభావుడు వైసే లేకుండా వేళ్ళతో హుక్కు పట్టుకుని ఫ్లైలు కట్టేవాడు. అన్నయ్యగారు ఆ మాట ఎక్కడైనా చదివి వైసు ఎందుకంటారేమో! అది జీవితమంతా ఆ పనిలోనే గడిపినవాడి చెయ్యి వదినా. నేర్చుకునేవాడికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

కత్తెరకి మొనలే ప్రాణం. సన్నగా ఉండి, చిట్టచివర కూడా ఒక్క దారప్పోగుని లాగకుండా తెంపాలి. వేళ్ళు దూర్చే రింగులు ఇరుగ్గా ఉండకూడదు, ఎందుకంటే కడుతున్నంతసేపూ కత్తెర చేతిలోనే ఉంచుకోవడం వాడికి అలవాటవ్వాలి. సన్నతీగలూ ఈకల కాడలూ కత్తిరించడానికి పాత కత్తెర ఒకటి పడెయ్యండి. ఈ కొత్తది మాత్రం పాలపాకెట్ల జోలికి పోకూడదని ఇంట్లో అందరికీ చెప్పండి.

ఇక బాబిన్ హోల్డరు. మిషను బాబిన్ కాదండోయ్. దారపుండని రెండు తీగ కాళ్ళ మధ్య పట్టుకుని, సన్న గొట్టంలోంచి దారం వదిలేది. గొట్టం మూతి గరుకుగా ఉంటే దారం కోసేస్తుంది. కాస్త దూది ఆ మూతి చుట్టూ తిప్పి చూడండి, పోగు చిక్కుకుంటే ఆ గొట్టం పనికిరాదు. సిరామిక్ గొట్టమైతే ఈ బెడదే లేదు. దారం బిగువంటారా, మీకు నేను చెప్పాలా? మల్లెలు మాల కట్టేటప్పుడు వదులైతే పువ్వు జారుతుంది, మరీ బిగిస్తే కాడ తెగుతుంది. ఇదీ అంతే. చెయ్యి వదిలితే హోల్డరు తన బరువుతో అలా వేలాడుతూ ఉండాలి, లాగితే దారం మెత్తగా రావాలి. దారం తెగుతుంటే కాళ్ళు కాస్త వెడల్పు చెయ్యాలి, ఊరికే జారిపోతుంటే దగ్గరికి నొక్కాలి. మొదట్లో 6/0 దారం చాలు. 8/0 ఇంకా సన్నం, అది తర్వాత.

మిగతావంటారా? దబ్బనం బిరడాకి గుచ్చితే అదే సూది. రీఫిలు తీసేసిన బాల్‌పెన్ను మొన మీద దారం మెలిపెట్టి హుక్కు కన్ను మీదికి జారిస్తే చివరి ముడి పడుతుంది. ఆ ముడి మీద అద్దడానికి రంగులేని గోళ్ళరంగు మీ దగ్గర ఉండనే ఉంది. ఈక కొస పట్టుకునే చిన్న పట్టకారు చవకదే చాలు, అంచులు పదునుగా ఉంటే రబ్బరు తొడుగు వేస్తే సరి. టేబులు దీపం, కింద ఒక తెల్లకాగితం. అంతే!

వీలైతే కంప్యూటర్లో బొమ్మలు చూసి కొనకుండా ఒక శనివారం క్యాట్‌స్కిల్ కొండల్లో లివింగ్‌స్టన్ మేనర్‌కి వెళ్ళొద్దాం. ఆ ఊళ్ళో ఫ్లై ఫిషింగ్ మ్యూజియం ఉంది, 1928లో వాల్ట్, విన్నీ డెట్ దంపతులు మొదలెట్టిన ఫ్లైల కొట్టూ ఉంది. పని నేర్పమంటే అక్కడి పేరున్న పనివాడు కాదన్నాడని, అప్పుడు ఆయన కట్టిన ఫ్లైలే కొని ఒక్కొక్క చుట్టూ విప్పి నేర్చుకున్నారని వాళ్ళ గురించి చెప్పుకుంటారు. మీవాడికి ఈ కథ చెప్పండి, ఎంత పట్టుదలో తెలుస్తుంది.

మనింట్లో చేపలేమిటని సందేహిస్తున్నారా? పట్టిన చేపని మళ్ళీ నీళ్ళలోకి వదిలేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. అసలు గాలం వెయ్యకుండా కట్టడంలోనే ఆనందం చూసుకున్నవాళ్ళూ ఉన్నారు. స్కాట్లాండులో బ్రోరా దగ్గర మేగన్ బాయిడ్ అనే ఆవిడ జీవితమంతా సాల్మన్ ఫ్లైలు కట్టింది. 1971లో బ్రిటిష్ ఎంపైర్ మెడల్ ఇచ్చారు. తను మాత్రం చేపలు పట్టేది కాదు! మీవాడు పడతానన్నా మంచిదే. పదహారేళ్ళు నిండేదాకా న్యూజెర్సీలో లైసెన్సు కూడా అక్కర్లేదు.

మొదటగా వూలీ బగ్గర్ కట్టమనండి. పెన్సిల్వేనియాలో రస్సెల్ బ్లెస్సింగ్ 1967లో తయారుచేసిన ఫ్లై అది. 8వ నంబరు హుక్కు మీద కడితే అన్నీ కంటికి బాగా ఆనతాయి. అదే ఒక డజను కట్టనివ్వండి. మొదటిదీ చివరిదీ పక్కపక్కన పెడితే వైసు అదే, కత్తెర అదే, దారం అదే. మారింది తన చెయ్యి ఒక్కటేనని వాడికి తెలియాలి వదినా. మంచి పనిముట్టు కొనమని నేను ఇంత పట్టుపట్టేది అందుకే.