చెల్లెలితో బొంబాయి ప్రయాణము

కాశీ రామేశ్వర యాత్రలనుగూర్చి మీరు పలుమారులు చదివియుందురు. నేనిప్పుడు వ్రాయబోవునది తీర్థయాత్ర గాదు. అమెరికాలోనున్న భర్తకడకు బోవలసిన మా చెల్లెలిని వెంటబెట్టుకొని, ఆమె వీసా నిమిత్తమై 2023వ సంవత్సరము డిసెంబరు నెలలో ముంబయికి బోయివచ్చిన వృత్తాంతము. మా పెద్దలు నేటికిని బొంబాయి యనియే పిలుచుచున్నారు గావున నేనును ఆ పేరే వాడెదను. కూతురో కోడలో సముద్రముల కావల లేని కుటుంబము లిప్పుడు తక్కువ. అందుచే నా యనుభవము కొందఱికైనను ఉపకరింపవచ్చునని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా మఱది అమెరికా పౌరుడు. అట్టివాడు తన భార్యను శాశ్వత నివాసమునకై రప్పించుకొనవలెనన్నచో, ముందుగా అచటి వలసశాఖకు అర్జీ పెట్టుకొనవలెను. అది యంగీకరింపబడిన పిమ్మట కాగితములు న్యూహాంప్‌షైరు రాష్ట్రమున పోర్ట్స్‌మత్ అను నూరిలోని జాతీయ వీసా కేంద్రమునకు జేరును. అచ్చట రుసుము చెల్లించి, జనన వివాహ పత్రములను, పోలీసువారి ధ్రువపత్రమును, భర్త యిచ్చు పోషణపు పూచీపత్రమును సమర్పింపవలెను. అన్నియు సరిగానున్నవని వారికి దోచినప్పుడే కడపటి మజిలీయైన కాన్సలేటునుండి పిలుపు వచ్చును. మా చెల్లెలికి ఆ పిలుపు బొంబాయినుండి వచ్చినది. అప్పటికి పెండ్లియై యిరువదిరెండు నెలలు. అందులో ఆమె భర్తతో గడపినవి రెండు నెలలైనను లేవు.

మా వారు పాఠశాలలో పరీక్షల పనిచే కదలలేకపోయిరి. నాన్నగారు మోకాళ్ళ నొప్పులచే అంతదూరము కూర్చుండి ప్రయాణము చేయలేరు. ఆడువా రిరువురమే పోవుటకు చెల్లెలి మామగారు కొంత సంశయించిరి గాని తుద కొప్పుకొనిరి. కాగితముల సంచి యంతవఱకు వారి బీరువాలోనే యుండెను. ఫారములను మా పట్టణములోని యొక ఏజెంటు నింపెను. చెల్లెలు అతడు చూపినచోట సంతకము చేసినది. ఆమె యెఱిగిన దంతే.

మేము పోవలసిన కోణార్క్ ఎక్స్‌ప్రెస్ రాజమహేంద్రవరమునకు అర్ధరాత్రి దాటిన పిమ్మట వచ్చును. "ఆదివారము రాత్రి మీరు స్టేషనుకు బోవలెను గాని టిక్కెట్టుమీద సోమవారపు తేది యుండును. పన్నెండు దాటగానే తేది మారునని మఱవకుము. దీనివలన బండి తప్పినవారు పలువురు గలరు" అని మా వారు రెండుమారులు హెచ్చరించిరి. ఈ మాట ముందు ముందు నాకెంత యక్కఱకు వచ్చునో అప్పుడు దెలియలేదు.

బండి యెక్కిన కొలది నిమిషములకే గోదావరి వచ్చినది. చెల్లెలు కిటికీలోనుండి ఒక రూపాయి నీటిలో వేసి చేతులు జోడించినది. తెల్లవారిన పిదప వరంగల్లు, కాజీపేట గడచి సికిందరాబాదు చేరితిమి. అక్కడినుండి వికారాబాదు, తాండూరు మార్గమున బండి పడమరగా సాగినది. తాండూరు కందిపప్పు పేరు వినని గృహిణి యుండదు గదా! ఆ ప్రాంతమున నల్లరేగడి నేలలో కందిచేలు బారులు దీరి యుండుటను జూచుచు మధ్యాహ్న భోజనము ముగించితిమి. పులిహోరయు పెరుగన్నమును ఇంటినుండియే తెచ్చుకొంటిమి.

భోజనమైన పిమ్మట, "ఆ సంచి యిటు దెమ్ము. నీ కాగితములు నీవొకసారి చదువుకొనుము" అంటిని. "ఏజెంటుగారంతయు చూచినారు గదా, అక్కా!" అని చెల్లెలు బద్ధకించినది. నేను వినలేదు. ఆమె చదువుచుండ నేను మూలపత్రములతో సరిపోల్చుచు వచ్చితిని. ఇంటిపేరు, తండ్రిపేరు, పుట్టిన యూరు సరిపోయినవి. వివాహదినమునకు వచ్చునప్పటికి నా గుండె ఝల్లుమన్నది. ఫారములో 2022 ఫిబ్రవరి 16 అని యున్నది. రిజిస్ట్రారు కార్యాలయమువా రిచ్చిన పత్రములో 17 అని యున్నది.

రెండును అబద్ధములు గావు. చెల్లెలి ముహూర్తము మాఘమాసమున బుధవారము రాత్రి 2 గంటల 46 నిమిషములకు. మన పంచాంగమున దినము సూర్యోదయమునుండి సూర్యోదయమువఱకు. కావున శుభలేఖలో 16వ తేది బుధవారము రాత్రి అని అచ్చొత్తించిరి. ఇంగ్లీషు లెక్కలో అర్ధరాత్రితో దినము మారును. కావున తలంబ్రాలు పోసుకొన్నది గురువారము, 17వ తేది. ఏజెంటు శుభలేఖను జూచి వ్రాసెను. రిజిస్ట్రారుగారు గడియారమును జూచి వ్రాసిరి. టిక్కెట్టునుగూర్చి మా వారు చెప్పిన మాట నా చెవిలో నింకను గింగురుమనుచుండుటచే ఈ చిక్కు నాకు వెంటనే బోధపడినది.

చెల్లెలు కన్నీరు పెట్టుకొని ఏజెంటుకు ఫోను చేసినది. "ఒక్కరోజు తేడాకు ఏమున్నదమ్మా! ఎవరును అడుగరు. అడిగినచో బుధవారమే యని చెప్పుము" అని యతడు సెలవిచ్చెను. మామగారును అట్లే యనిరి. ఫోను పెట్టివేసి ఆమె నా మొగము చూచినది. "అక్కడ కుడిచేయి యెత్తి ప్రమాణము చేయింతురట. చేయి యెత్తువాడు ఏజెంటా, నీవా?" అని మాత్రము అడిగితిని. వ్రాతలో దొరలిన తప్పు దిద్దుకొనవచ్చును. ప్రమాణము చేసి బొంకిన బొంకు జీవితాంతము వెంటాడును. చెల్లెలు చాలసేపు కిటికీవైపు చూచుచు మాటాడక కూర్చున్నది.

సోలాపురము చేరునప్పటికి ప్రొద్దు గ్రుంకినది. ఆ యూరిలో మగ్గముల పనికై తరతరములక్రిందట తెలంగాణమునుండి వచ్చి నిలిచిన పద్మశాలీలు వేలకొలది గలరు. అచ్చటి నేత దుప్పట్లు దేశమంతటను ప్రసిద్ధములు. దుప్పట్ల మూటతో నెక్కిన యొకామె మా మాటలు విని, మరాఠీ కలిసిన తెలుగులో పలుకరించినది. ఆమె యవ్వ పెండ్లియైన యేడే మగనివెంట ఈ యూరు వచ్చినదట. మరల పుట్టింటి గడప త్రొక్కుటకు తొమ్మిదేండ్లు పట్టినదట. మగనివెంట దూరదేశము పోవుట మన తెలుగు స్త్రీలకు క్రొత్త గాదు. కాగితములే క్రొత్తవి. చెల్లెలు ఆమెకడ నొక దుప్పటి కొన్నది.

భోరుఘాటును చీకటిలోనే దాటితిమి. 1863లోనే రైలు నెక్కించిన ఆ కనుమల యందము మాకు కన్నుల బడలేదు. సొరంగముల హోరుమాత్రము వినబడినది. తెల్లవారకమునుపే ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినసులో దిగితిమి. 1887 నాటి ఆ కట్టడము దీపముల వెలుగున దేవాలయ గోపురమువలె నుండెను. 2004లో యునెస్కో వారు దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించిరి. ఈ మహానగరమును గట్టినవారిలో నిజాము రాజ్యమునుండి వచ్చిన తెలుగు కూలీలు నుండిరి. వారినే యిచట కామాఠీ లనిరి.

మాటుంగాలో మా వారి సహాధ్యాయి యింట దిగితిమి. దాక్షిణాత్యులు హెచ్చుగా నున్న పేట యది. వీధి మొగలో మల్లెమాలలు, అరటియాకులు, కాఫీపొడి దొరకును. మొదటి పని వైద్యపరీక్ష. కాన్సలేటువారు నియమించిన వైద్యులకడనే దీనిని చేయించుకొనవలెను. క్షయయున్నదేమో తెలియుటకు ఱొమ్మునకు ఎక్స్‌రే తీయుదురు, నెత్తురు పరీక్షింతురు, తట్టు, ఆటలమ్మ, ధనుర్వాతము మున్నగువానికి టీకాలు పడినవో లేదో చూతురు. మా యమ్మ చెల్లెలి చిన్ననాటి టీకాల కార్డును పసుపుకుంకుమల పెట్టెలో భద్రపఱచుటచే రెండు సూదులు తప్పినవి. గర్భవతులు ఎక్స్‌రేకు ముందే ఆ సంగతి వైద్యునకు చెప్పవలెను.

ఈ కాన్సలేటు పూర్వము సముద్రతీరమున బ్రీచ్‌కాండీలో వాంకనేరు మహారాజుగారి భవనమున నుండెడిది. 2011లో బాంద్రా కుర్లా కాంప్లెక్సునకు మాఱినది. మీఠీనది ప్రక్కన ఒకప్పటి బురదనేలలో నేడు బ్యాంకులు, వజ్రముల బజారు, అద్దాల మేడలు లేచినవి. వెంట వచ్చినవారిని లోనికి రానీయరు. ఫోనును రానీయరు. తన కాగితములతో తానొక్కతెయే పోవలెను. చెల్లెలు ఫోను నా చేతికిచ్చి, సంచి భుజమున తగిలించుకొని లోనికి బోయినది.

వీధిప్రక్క చెట్టునీడన నావలె నెందఱో నిలిచియుండిరి. పంజాబు తల్లులు, గుజరాతీ యత్తలు, కేరళ తండ్రులు. భాషలు వేఱైనను అందఱి కన్నులును ఆ ద్వారముమీదనే. నాకు శకుంతల జ్ఞాపకము వచ్చినది. కాళిదాసు శకుంతల యుంగరము పోగొట్టుకొని, సభలో చూపుటకు గుర్తు లేక నిలిచినది. భారతములోని శకుంతలకు ఉంగరమే లేదు. ఆమె నిండుసభలో తన పెండ్లిని తన నోటనే చెప్పుకొని వాదించినది. బాల్యమున నాన్నగారికడ ఆ ఘట్టము చదివినప్పుడు అది రాజుల కథ యనుకొంటిని. నేడు మన యాడపిల్లలకును తమ పెండ్లిని పరాయి కొలువులో తామే చెప్పుకొనవలసిన దినము వచ్చినది. ఉంగరమునకు బదులు కాగితములు. కాని కాగితము మాటాడదు గదా. దానిని చూపు మనిషి మాటాడవలెను.

మూడుగంటల తరువాత చెల్లెలు బయటికి వచ్చినది. నవ్వుచున్నదో ఏడ్చుచున్నదో దూరమునుండి తెలియలేదు. వ్రేలిముద్రలు తీసికొని ప్రమాణము చేయించిన పిమ్మట, అధికారిణి ప్రశ్న వేయకమునుపే, "నా ఫారములో నొక తప్పున్నది" అని తానే చెప్పినదట. శుభలేఖను, రిజిస్ట్రారు పత్రమును ప్రక్కప్రక్కన పెట్టి, మా దినము సూర్యునితో మొదలగునని తనకు వచ్చిన యింగ్లీషులో వివరించినదట. ఆమె శ్రద్ధగా విని, కంప్యూటరులో తేది దిద్ది, భర్త యుద్యోగము, అతడు వచ్చిపోయిన దినములు, అత్తవారి సంగతులు అడిగి, వీసా మంజూరైనదని చెప్పినదట. "అక్కా! చెప్పునప్పుడు నాకు వణకు రాలేదే!" అని చెల్లెలు నా చేయి పట్టుకొన్నది.

భార్యలుగా వలస పోవువారికి హక్కులను దెలుపుచు అమెరికా ప్రభుత్వము ముద్రించిన చిన్న పుస్తక మొకటి గలదు. దానిని తిరుగు ప్రయాణములో ఇరువురమును చదివితిమి. అందు గృహహింసనుగూర్చి, సాయము దొరకు మార్గములనుగూర్చి యున్నది. వీనితోపాటు మఱి రెండు సంగతులు ప్రతి తల్లియు దెలిసికొనదగినవి. పెండ్లియై రెండేండ్లు నిండకమునుపు ఆ దేశమున నడుగిడిన భార్యకు మొదట నిచ్చు నివాసపత్రము రెండేండ్లకు మాత్రమే. ఆ గడువునకు ముందటి 90 దినములలో దంపతులు కలిసి మరల అర్జీ పెట్టుకొనవలెను. కాని పెండ్లి నిజమైనదై యుండి విడాకులైనను, భర్త హింసించినను, భార్య యొంటరిగానే యర్జీ పెట్టుకొనుటకు చట్టము దారి యిచ్చినది. భర్త మాట కెదురాడినచో మఱునాడే విమాన మెక్కించివేయుదురను బెదరింపు నిజము గాదు. ఇక భర్త వ్రాసియిచ్చిన పూచీపత్రము విడాకులతోనే రద్దు గాదు. ఆమె పౌరురాలగుట, పదేండ్ల పని లెక్కకు వచ్చుట వంటి కారణములచేతనే తీరును. మా మఱది సౌమ్యుడు. ఈ మాటలు అతని నుద్దేశించినవి గావు. గొడుగు కొనువారు వాన కురియవలెనని కోరుకొందురా?

వీసా వచ్చిన పిమ్మట నివాసపత్రపు రుసుము కట్టితిమి. అప్పుడది 220 డాలర్లు; 2024 ఏప్రిలునుండి 235 డాలర్లయినది. సంక్రాంతి పండుగ యింటిలో గడపి మూటలు కట్టితిమి. పెట్టెకు 23 కిలోల చొప్పున రెండు పెట్టెలు. ఆవకాయ, కందిపొడి, వడియములు పోవచ్చును గాని తినుబండారము లున్నవని అక్కడ తప్పక చెప్పవలెను. పచ్చి కరివేపాకును, మామిడిపండ్లను తీసికొనిపోనీయరు. అమ్మ రహస్యముగా చీర మడతలో పెట్టిన కరివేపాకును చెల్లెలే తీసి పోపులో వేసినది. నగలకు పట్టిక వ్రాసి ఛాయాచిత్రములు తీయించితిమి. అన్ని కాగితములకును రెండేసి నకళ్ళు తీయించి, ఒక కట్ట అమ్మకడ నుంచితిమి. అసలు కాగితములను చెల్లెలు పెట్టెలలో వేయక తన చేతిసంచిలో పెట్టుకొన్నది. ఆ సంచిని మామగారు పట్టుకొందునన్నను ఇయ్యలేదు.

శంషాబాదులో విమాన మెక్కి దోహామీదుగా డాలసు చేరిన దినమున ఫోను వచ్చినది. దిగినచోట నధికారి యొకడు పాస్‌పోర్టు చూచుచు, "పెండ్లి యెప్పుడైన"దని యడిగెనట.

"ఏమని చెప్పితివే?" అని అమ్మ ఆదుర్దాగా నడిగినది.

"17వ తేది, గురువారము తెల్లవారుజాము అని చెప్పితిని. తరువాత మా ఆయన వచ్చి మూటలు మోసినాడు" అని చెల్లెలు పకపక నవ్వినది.