తిరుపతి నుంచి థండర్ బే దాకా

కెనడా చిన్న ఊళ్లలో పనివాళ్ల కొరత ఉంది.
దాన్ని తీర్చడానికి 2019లో మొదలైన గ్రామీణ, ఉత్తర ప్రాంత వలస పథకం 2024లో ముగిసింది. 2025లో 14 ప్రాంతాలతో కొత్తది వచ్చింది. అంటారియో ఉత్తరాన ఉన్న థండర్ బే, సడ్‌బరీ, టిమ్మిన్స్ అందులోవే.

ముందు వీటిలో ఏదో ఒక ఊరు గుర్తించిన యజమాని ఉద్యోగమివ్వాలి.
తర్వాత ఆ ఊరి సిఫారసు.
ఆపైనే శాశ్వత నివాసానికి దరఖాస్తు.
భాషా పరీక్ష తప్పదు.

చిత్తూరు పల్లెలకు కువైట్ వీసా పాత సంగతే. అక్కడ ఎన్నేళ్లు కష్టపడినా చివరికి తిరుగు ప్రయాణమే. ఈ కెనడా పథకంలో దరఖాస్తు నెగ్గితే భార్యాబిడ్డలతో స్థిరపడొచ్చు.

ఆ ఆశనే సొమ్ము చేసుకునే దళారులుంటారు. భారత నిబంధనల ప్రకారం రిజిస్టరయిన ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీకి మించి తీసుకోకూడదు. పొలం తాకట్టు పెట్టకముందే ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో ఏజెంటు పేరు చూసుకోవాలి.

వెళ్లినవాళ్లు తమ అనుభవం కింద రాస్తే పదిమందికి మేలు.