మూడో దీపం

పాత సీరియల్ నవలల్లో విమాన ప్రమాదం ఎంత సౌకర్యంగా ఉండేదో చెప్పలేను. కథానాయిక మొదటి భర్త మంచివాడే అయినా కథకి అడ్డం వస్తున్నాడనుకోండి, ఏదో కాన్ఫరెన్సని చెప్పి అతన్ని బొంబాయి విమానం ఎక్కించేవారు. వారం తిరిగేసరికి టెలిగ్రాం. ఆమె చేతిలోంచి కాఫీ గ్లాసు జారి పడేది. ఆ వారానికి అంతే. పైవారం తెల్లచీర. రోగంతో చంపాలంటే పది వారాలు ఆస్పత్రి చుట్టూ తిప్పాలి, డాక్టరుగారికి సంభాషణలు రాయాలి. విమానంతో ఆ బాధ లేదు. అదెందుకు పడిందని ఏ పాఠకురాలూ ఉత్తరం రాసిన పాపాన పోలేదు. మా అమ్మ పత్రికల్లోంచి చింపి బైండు చేయించి దాచుకున్న సీరియల్స్‌లో నేను లెక్కపెట్టినవే నాలుగు విమానాలు కూలాయి. ఒక్కదానికీ కారణం లేదు!

కథల సంగతి సరే, నిజంగా జరిగినప్పుడు మాత్రం మనం కారణం అడుగుతున్నామా? 2004 ఏప్రిల్ 17న బెంగుళూరు జక్కూరు దగ్గర చిన్న విమానం కూలి సౌందర్య పోయింది. ఎన్నికల ప్రచారానికని కరీంనగర్ బయల్దేరిన విమానం. తోడబుట్టినవాడు కూడా అందులోనే పోయాడు. సొంత ఆడపిల్ల పోయినట్టు ఏడ్చాం. ఆమె సినిమాల గురించి, పెళ్ళి గురించి, జాతకం గురించి నెల్లాళ్ళు మాట్లాడుకున్నాం. విచారణలో ఏం తేలిందని మాత్రం మీ పక్కింటావిడని అడిగి చూడండి. ఏడుపు అయిపోయాక వచ్చే కాగితాలు ఎవరిక్కావాలి?

నాకు కావలసివచ్చాయి. ఇప్పుడు రాస్తున్న నవల్లో ఒక పెద్దమనిషిని చిన్న విమానంలో సాగనంపాల్సిన అవసరం పడింది. ఎలా పడుతుందో తెలియకుండా వాక్యం ముందుకి కదలనంది. చూడబోతే నేను చదివింది చరిత్రా, రాజనీతీను. విజ్ఞానశాస్త్రానికి పదో తరగతిలోనే నమస్కారం పెట్టేశాను. ఫిలడెల్ఫియా దగ్గర మా ఆడపడుచు కొడుకు ఉంటాడు. వాడికి ఫోన్ చేస్తే, "అత్తయ్యా, నీ పెద్దమనిషిని చంపేముందు మా ఊరి పక్కన జరిగింది చదువు" అని, పాత ప్రమాదం ఒకదాని మీద అక్కడి విచారణ సంఘం ఇచ్చిన నివేదిక పంపించాడు.

మీ ఇంట్లో హైన్జ్ కెచప్ సీసా ఉందా? ఈ రోజుల్లో మన సూపర్ మార్కెట్లలోనూ దొరుకుతోందిగా. ఆ కంపెనీ పెట్టిన ముత్తాతగారి మునిమనవడు జాన్ హైన్జ్. డబ్బుకి లోటు లేదు. 1977 నుంచీ పెన్సిల్వేనియా తరఫున అమెరికా సెనేట్‌లో సభ్యుడు. 1991 ఏప్రిల్ 4న విలియమ్స్‌పోర్ట్ అనే ఊళ్ళో బయల్దేరి ఫిలడెల్ఫియా వస్తున్నాడు. అద్దెకి తీసుకున్న చిన్న విమానం, పేరు పైపర్ ఏరోస్టార్, రెండు ఇంజన్లు. లోపల ఆయనా, ఇద్దరు పైలట్లూ. ఆయనకి 52 ఏళ్ళు.

ఇక్కడ కాస్త చక్రాల గొడవ చెప్పాలి. విసుక్కోకండి. నాకే అర్థమైందంటే మీకు అర్థం కాకపోదు. విమానం పైకి లేచాక చక్రాలు కడుపులోకి ముడుచుకుంటుంది, బయట వేలాడుతుంటే గాలికి అడ్డమని. దిగేముందు మళ్ళీ కిందికి చాపుతుంది. చాపడం ఒకటి, గడియ పడడం ఇంకొకటి. మన మడతమంచం చూడండి. కాళ్ళు విప్పినంతమాత్రాన సరిపోదు, ఆ ఇనప కొక్కెం టక్కున పడాలి. పడకుండా కూర్చున్నామో, మంచంతో సహా నేల మీదే! విమానంలోనూ అంతే. కుడి చక్రానికి ఒకటి, ఎడమ చక్రానికి ఒకటి, ముందు ముక్కు కింద చక్రానికి ఒకటి, మొత్తం మూడు ఆకుపచ్చ దీపాలు పైలట్ ఎదుట ఉంటాయి. మూడూ వెలిగితే మూడు గడియలూ పడ్డట్టు.

ఆ రోజు మూడోది వెలగలేదు. ముక్కు చక్రంది.

చక్రం దిగలేదా అంటే, దిగింది. ఏరోస్టార్ రెక్కల మీద ప్రొపెల్లర్లకి ముందు మెరిసే టోపీల్లాంటివి ఉంటాయి. వాటిలో ముక్కు చక్రం నీడ కనిపిస్తుంది, మన స్టీలు గిన్నెలో మొహం కనిపించినట్టు. పైలట్ అందులో చూసుకున్నాడు, చక్రం కిందికే ఉంది. కంట్రోల్ టవర్ పక్కనుంచి ఓసారి ఎగిరితే వాళ్ళూ చూసి, కిందికి ఉన్నట్టే ఉందన్నారు. ఇక తెలియనిదల్లా గడియ పడిందా లేదా అన్నది ఒక్కటే.

ఒకవేళ పడలేదనే అనుకుందాం. ఏమవుతుంది? నివేదిక చేతికి వచ్చిన దగ్గర్నుంచీ నన్ను పీకిన ప్రశ్న ఇదే. ముందు వెనక చక్రాల మీద దిగుతారు. వేగం తగ్గాక ముక్కు మెల్లిగా కిందికి వాలుతుంది. గడియ లేని చక్రం మడతపడితే ముక్కు రన్‌వే మీద రాసుకుంటూ పోతుంది. నిప్పురవ్వలు లేస్తాయి, ప్రొపెల్లర్లు వంకరపోతాయి. ఫైరింజన్లు ముందే వచ్చి పక్కన నిలబడి ఉంటాయి. చాలాసార్లు లోపలివాళ్ళు తమ కాళ్ళ మీద తామే నడిచి దిగుతారు. యజమానికి రిపేరు బిల్లు తడిసి మోపెడవుతుంది. అంతే!

కానీ సరిగ్గా ఆ వేళకే విమానాశ్రయం నుంచి ఒక చమురు కంపెనీ హెలికాప్టర్ బయల్దేరింది. ఇద్దరు పైలట్లు. వాళ్ళు ఈ గొడవంతా రేడియోలో విన్నారు. దగ్గరికొచ్చి చూసి చెబుతామన్నారు. ఎవరూ అడగలేదు, తమంతట తామే అన్నారు. ఏరోస్టార్ పైలట్ సరేనన్నాడు. చూశారు. బాగానే ఉన్నట్టుంది. ఇంకా సరిగ్గా కనబడాలని మరికాస్త దగ్గరికి వచ్చారు. మధ్యాహ్నం పన్నెండు దాటింది. కింద లోయర్ మెరియన్ అనే ఊరు, మెరియన్ ఎలిమెంటరీ స్కూలు. రెండూ గుద్దుకున్నాయి.

సెనేటర్, విమానంలో ఇద్దరు పైలట్లు, హెలికాప్టర్‌లో ఇద్దరు. ఆకాశంలో ఉన్న అయిదుగురూ పోయారు. శకలాలు మండుతూ వచ్చి స్కూలు ఆవరణలో పడ్డాయి. బయట ఆడుకుంటున్న ఒకటో తరగతి ఆడపిల్లలు ఇద్దరు పోయారు.

అమెరికాలో ఇలాంటివి విచారించేది నేషనల్ ట్రాన్స్‌పోర్టేషన్ సేఫ్టీ బోర్డు. అది కోర్టు కాదు, శిక్ష వెయ్యదు. ఎలా జరిగిందో, మళ్ళీ జరక్కుండా ఏం చెయ్యాలో చెబుతుంది. పెద్దమనిషి పోయాడు గనక కుట్ర అనీ, యంత్రలోపం అనీ ఏదో ఒకటి దొరుకుతుందని చదవడం మొదలెట్టాను. నవల రాసే బుద్ధి కదా, విలను కోసం వెతుకుతుంది. విలను లేడు. అదే ఏడాది వచ్చిన నివేదిక సారాంశం మన మాటల్లో చెప్పాలంటే ఇంతే: చక్రం కిందికే ఉందని తనకి చేతనైనంత మేరకు తేల్చుకున్నాక కూడా, గాల్లో ఉండగా దగ్గరికొచ్చి చూడటానికి విమానం కెప్టెన్ ఒప్పుకోవడం సరైన నిర్ణయం కాదు. అలా చూడబోవడం హెలికాప్టర్ కెప్టెన్ వైపునుంచీ సరైన నిర్ణయం కాదు. ఉంచాల్సిన దూరం హెలికాప్టర్ వాళ్ళు ఉంచలేదు. ఏరోస్టార్ పైలట్లకి ఆ విమానం మీద ఇచ్చిన శిక్షణా, పెట్టిన పరీక్షా పూర్తిగా లేకపోవడం కూడా దీనికి తోడైంది.

మా వారు బ్యాంకు ఆడిట్‌లో పనిచేస్తారు. రాత్రి భోజనాల దగ్గర ఇదంతా చెబితే మజ్జిగన్నం కలుపుతూ ఆగిపోయారు.

"అదేమిటోయ్! పాపం సాయం చెయ్యడానికి వచ్చినవాళ్ళ మీద రాయడం ఏం న్యాయం?"

"వాళ్ళు చెడ్డవాళ్ళని రాయలేదండీ. నిర్ణయం బాగాలేదని రాశారు."

"రెండూ ఒకటే. మా ఆడిట్‌లో అయితే పేరు రాసి, కింద సంజాయిషీ అడుగుతాం."

"అందుకేగా మీ బ్యాంకులో ఎవరూ ఉన్నది ఉన్నట్టు చెప్పరు!"

ఆయన మళ్ళీ మజ్జిగన్నంలో పడ్డారు. కానీ ఆయన ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. నిజమే, ఈ కథలో అందరూ మంచివాళ్ళే. ఒకరు నిర్లక్ష్యంగా వదిలెయ్యకుండా సరిచూసుకుందామనుకున్నారు. ఇంకొకరు దారిన పోతూ సాయం చేస్తామన్నారు. మన ఊళ్ళో అయితే ఇలాంటి వాళ్ళని మెచ్చుకుంటాం. కానీ గాల్లో రెండు యంత్రాలు పక్కపక్కన ఎగరడం వేరే విద్య. యుద్ధవిమానాల వాళ్ళు ప్రత్యేకంగా సాధన చేసే విద్య. విమానం పైలట్‌కి తన కడుపు కింద ఏముందో కనిపించదు. హెలికాప్టర్ నెత్తిన తిరిగే రెక్కలు ఎంత దూరం చాచుకుని ఉంటాయో కింద నిలబడి చూసినా మనకి సరిగ్గా అంచనా అందదు. ఇంతా చేస్తే హెలికాప్టర్ వాళ్ళు బయటినుంచి చూసి చెప్పగలిగింది ఏమిటి? చక్రం కిందికి ఉందనేగా. అది పైలట్‌కి టోపీలో ముందే కనిపించింది.

మా పిన్ని ఒకావిడ ఉంది. ప్రయాణమై వెళుతూ తాళం వేశామో లేదోనని స్టేషన్ నుంచి ఆటోలో వెనక్కి వచ్చేది. తాళం కప్ప పట్టుకుని లాగి, సరిగ్గానే ఉందని చూసుకుని మళ్ళీ వెళ్ళేది. రైలు ఎన్నిసార్లు పోయిందో! ఇంట్లో అందరం నవ్వేవాళ్ళం. ఆవిడ మాత్రం, "నిశ్చింతగా ఉంటుందే తల్లీ" అనేది. నివేదిక చదువుతున్నంతసేపూ ఆ మాటే చెవిలో మోగింది. పిన్ని విషయంలో పోయేది టిక్కెట్టు డబ్బులు.

ఈ దీపాల చరిత్ర వెనక ఇంకా ఉంది. 1972 డిసెంబర్ 29 రాత్రి మయామీలో దిగబోతున్న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ పెద్ద విమానానికీ సరిగ్గా ఇదే ముక్కు దీపం వెలగలేదు. లోపల 176 మంది. కాక్‌పిట్‌లో ఉన్నవాళ్ళంతా ఆ దీపం చుట్టూ చేరారు. ఒకాయన చక్రం చూడటానికి కింది అరలోకి దిగాడు. రెండు వేల అడుగుల ఎత్తున ఉంచాల్సిన యంత్రం ఏ కదలికకో వదిలేస్తే, విమానం నెమ్మదిగా కిందికి జారుతున్న సంగతి ఎవరూ గమనించలేదు. చిత్తడి అడవిలో పడింది. 101 మంది పోయారు. చక్రం బ్రహ్మాండంగా ఉంది. మాడిపోయింది బల్బు! ఆరేళ్ళ తర్వాత పోర్ట్‌లాండ్‌లో యునైటెడ్ విమానం కెప్టెన్ ఒకాయన చక్రాల సంగతి చూసుకుంటూ ఊరి పైన దాదాపు గంటసేపు తిరిగాడు, పెట్రోలు అయిపోయింది. పదిమంది పోయారు. పెట్రోలు తగ్గుతోందని పక్కవాళ్ళకి తెలుసు, గట్టిగా చెప్పలేకపోయారు. ఆ తర్వాత 1981లో ఆ కంపెనీ ఒక కొత్త శిక్షణ మొదలెట్టింది. కిందివాళ్ళు నోరు విప్పాలి, పైవాళ్ళు చెవి పెట్టాలి. ఉమ్మడి కుటుంబాల్లో కూడా పెడితే బావుండును అనుకున్నాను, మా అత్తగారికి వినపడకుండా.

అయితే మెరియన్ సంగతి ఆ రెండింటిలాంటిది కాదు. అక్కడ ఎవరూ ఏమరలేదు. కంటిమీద రెప్ప వెయ్యకుండా చూస్తూనే ఉన్నారు. కాకపోతే అందరూ చూస్తున్నది చక్రం వైపు.

హైన్జ్‌గారికి అక్కడ పెద్ద సంతాప సభలు జరిగాయి. ఆయన పేరుతో వన్యప్రాణుల శరణాలయం ఒకటి ఫిలడెల్ఫియా విమానాశ్రయం పక్కనే ఉంది. మా మేనల్లుడు పిల్లల్ని పక్షుల్ని చూపించడానికి అక్కడికే తీసుకెళుతుంటాడు. తప్పేం లేదు, పదవిలో ఉన్నవాడు, మంచివాడని పేరున్నవాడు. కానీ ప్రయాణం ఆయనది, విమానం వాళ్ళది, సాయం ఇంకొకరిది, ఒప్పుకున్నది పైలట్. ఈ లెక్కలో ఎక్కడా లేనివాళ్ళు ఆ ఇద్దరు పిల్లలు. ఆకాశంలో ఉన్నవాళ్ళలో ఒక్కరైనా, "ముందు ఈ ఇళ్ళూ బళ్ళూ దాటి పోదాం, చూసేదేదో అక్కడ చూసుకోవచ్చు" అని ఉంటే?

ప్రపంచమంతటా విమాన ప్రమాద నివేదికలకి ఒక వరస ఉంది. పోయినవాళ్ళని, గాయపడ్డవాళ్ళని మూడు గళ్ళల్లో లెక్కవేస్తారు. సిబ్బంది ఒక గడి, ప్రయాణికులు ఒక గడి. విమానం ఎక్కనివాళ్ళకి మూడో గడి. దానికి పెట్టిన పేరు 'ఇతరులు'.

నా నవల్లో పెద్దమనిషి మూడు వారాలుగా గాల్లోనే ఉన్నాడు. ఎడిటరుగారు రెండుసార్లు ఫోన్ చేశారు. ఆయన్ని దించడం పెద్ద కష్టం కాదని చెప్పాను. ఆయన కింద ఏ ఊరుందో, ఆ వేళప్పుడు అక్కడ వీధుల్లో ఎవరెవరు తిరుగుతుంటారో ముందు రాసుకోవాలి. ప్రస్తుతం ఆ ఊళ్ళో బడి ఎక్కడ పెట్టాలా అని చూస్తున్నాను.